రెట్రో కెటిల్ కొనొచ్చు, కానీ ముందు మూత తీసి చెయ్యి పెట్టి చూడండి

కడప నుంచి ఒకామె అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కొత్త ఇల్లు కట్టుకున్నారు. వంటగదిలో కబోర్డులకు లేత పచ్చ రంగు వేయించుకున్నారు. ఆ పక్కన మీగడ రంగు రెట్రో కెటిల్, అంటే పాతకాలపు రూపంలో చేసిన కరెంటు కెటిల్, ముందు వైపు వేడి చూపించే డయలు ఉన్నది, పెట్టుకోవాలని ఆశ. ఆన్‌లైన్‌లో 1.7 లీటర్లది నాలుగు వేల దాకా చూపిస్తోంది. "వేడినీళ్లకు నాలుగు వేలా, స్టీలుది వెయ్యికి వస్తుంది కదా" అని ఇంటాయన అంటున్నారు. తమ్ముడు వచ్చే నెల కువైట్ నుంచి వస్తున్నాడు, అక్కడి నుంచి తెప్పించుకుంటే మేలా? ఇంట్లో బోరు నీళ్లు, తాగడానికి క్యాను నీళ్లు. మామగారికి రాత్రిళ్లు కూడా వేడినీళ్లు కావాలి.

నేను అనంతపురంలో చిన్న కరెంటు సామాన్లు బాగుచేస్తాను, కొన్ని అమ్ముతాను కూడా. మిక్సీలు, ఇస్త్రీపెట్టెల తర్వాత మా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి కెటిళ్లే. ఈమధ్య వాటిలో రెట్రో మోడళ్లు కూడా బాగా కనిపిస్తున్నాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. కొనుక్కోండి, తప్పేం లేదు. అయితే డయలు లేనిది, మీ చెయ్యి లోపలికి పట్టేంత నోరు ఉన్నది, నీళ్లు తగిలే చోటంతా స్టీలే ఉన్నది చూసుకోండి. కువైట్ నుంచి తెప్పించొద్దు. మీకు నచ్చిన మోడల్‌లో నోరు ఇరుకుగా ఉంటే రంగు ఎంత బాగున్నా వదిలేయండి. మిగతావాటిలో కొంచెం సర్దుకోవచ్చు గానీ, బోరు నీళ్లున్న ఊళ్లో ఆ ఒక్కదాంట్లో మాత్రం సర్దుకోవద్దు.

మీ ఇంటాయన మాటలో సగం నిజం ఉంది. వెయ్యి రూపాయల కెటిల్‌నీ నాలుగు వేల కెటిల్‌నీ బోర్లించి అడుగు విప్పితే లోపల కనిపించేవి దాదాపు అవే. ఒక స్టీలు పళ్లెం, దాని కింద అతికించిన హీటింగ్ ఎలిమెంట్, వేడికి టక్కుమని వంగే బైమెటల్ (రెండు లోహాలు అతికించిన) బిళ్లలు, స్టాండు మీద కూర్చునే గుండ్రటి కనెక్టరు. ఈ కనెక్టరు, కంట్రోలు భాగాలను చాలా బ్రాండ్లు సొంతంగా చేసుకోవు. ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న దీవిలో ఉన్న స్ట్రిక్స్ కంపెనీ ప్రపంచంలో ఎన్నో బ్రాండ్లకు వీటిని సరఫరా చేస్తుంది. అలాంటివే చైనాలో చేసేవాళ్లూ ఉన్నారు. నీళ్లు మరిగే వేగం ఎలిమెంట్ వాట్లను బట్టి ఉంటుంది, బయటి రంగును బట్టి కాదు. మీరు ఎక్కువగా ఇచ్చే మూడు వేలు అచ్చంగా అందానికే. అది తెలిసి ఇస్తే నాకేం అభ్యంతరం లేదు. రోజూ కళ్ల ముందు ఉండే వస్తువు బాగుండాలని కోరుకోవడం దుబారా అని నేననుకోను. గోడకు పెట్టుకునే గడియారం కూడా టైము చూసుకోవడానికే కదా, అయినా నచ్చిన డిజైనుకే పోతాం.

చిక్కంతా ఆ అందం ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర ఉంది. రెట్రో కెటిల్ ఆకారం పొయ్యి మీద పెట్టే పాత కెటిల్‌ది. కింద మంట బాగా తగలాలని అడుగు వెడల్పు, ఆవిరి పోకూడదని పైన సన్నం, ఎత్తుకోవడానికి పైన వంపు పిడి. కరెంటు కెటిల్‌కు మంటతో పనే లేదు. కరెంటు కెటిళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లోనే వాటి రూపం మీద పనిచేసినవాళ్లున్నారు. జర్మనీలో పీటర్ బెహ్రెన్స్ అనే డిజైనర్ 1909లో ఏఈజీ కంపెనీకి డిజైన్ చేసిన కరెంటు కెటిళ్లు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. 1950ల్లో ఇంగ్లండులో రసెల్ హాబ్స్ వాళ్లు నీళ్లు మరగగానే తనంతట తానే ఆగిపోయే కెటిల్ తెచ్చారు. ఇప్పుడు ఇటలీ కంపెనీ స్మెగ్ మొదలుకొని మన చౌక బ్రాండ్ల దాకా అమ్ముతున్న "ఫిఫ్టీస్ స్టైల్" ఆ కాలపు గుండ్రటి మూలలు, క్రోమ్ మెరుపు, ఐస్‌క్రీమ్ రంగులు కలిపి చేసిందే. చూడ్డానికి బాగుంటుంది. అయితే అడుగు వెడల్పు, నోరు సన్నం అనే ఆ ఆకారం మన సీమ నీళ్లకు అస్సలు సరిపడదు.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. మరిగేటప్పుడు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, కాల్షియం కార్బొనేట్‌గా మారి అడుగున పేరుకుంటుంది. అదే మనం చూసే తెల్లటి సున్నపు పెచ్చు. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన లెక్క ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా సరే అంటారు. మీ బోరు ఎంత చూపిస్తుందో మీ కుళాయిల తలలకు పట్టిన తెలుపు చూస్తేనే తెలిసిపోతుంది. కర్నూలులో సుంకేసుల నుంచి వచ్చే తుంగభద్ర నీళ్లు వాడే ఇళ్ల కెటిళ్లు, మా దగ్గర బోరు నీళ్లు వాడే ఇళ్ల కెటిళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏ ఇంటిదో నేను లేబులు చూడకుండా చెప్పగలను.

ఈ పెచ్చు వేడిని నీళ్లకు చేరనివ్వదు. అడుగు పళ్లెం మాత్రం విపరీతంగా కాగుతుంది. అప్పుడు నీళ్లు లేకుండా మాడిపోకూడదని పెట్టిన రక్షణ బిళ్ల పొరపడి ముందే కరెంటు ఆపేస్తుంది. "అన్నా, ఇది నీళ్లు కాగకముందే ఆఫ్ అయితాంది, థర్మోస్టాట్ పోయినట్టుంది చూడు" అని తెస్తారు. పది కెటిళ్లలో చాలావాటికి థర్మోస్టాట్ బాగానే ఉంటుంది. లోపల సున్నం గోడ కట్టి ఉంటుంది, అంతే. దాన్ని కడిగి ఇస్తే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది.

కడగడం కష్టమేం కాదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు లీటరు నీళ్లకు రెండు చెంచాలు వేసి, కెటిల్ సగానికి మించకుండా పోసి, ఒకసారి మరిగించి అరగంట వదిలేయండి. సగమే ఎందుకంటే, పెచ్చు ఎక్కువగా ఉంటే బుసబుసా నురగ పొంగి మూత దగ్గర నుంచి కారుతుంది. తర్వాత పారబోసి, మంచినీళ్లు ఒకసారి మరిగించి అవీ పారబోయాలి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పోయొద్దు. అందులోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలును కూడా చిల్లులు పడేలా తినేస్తుంది. స్టీలు పీచు, కత్తి మొన కూడా వద్దు.

నిమ్మఉప్పు పెచ్చును వదులు చేస్తుంది గానీ, మూలల్లో మెత్తబడిన బురదను చేత్తోనో మెత్తటి స్క్రబ్బర్‌తోనో తుడిచి తీయాలి. వెడల్పు నోరు కావాలని నేను అంతగా పట్టుబట్టేది ఇందుకే. కోన్ ఆకారంలో ఉండి, పైన చిన్న మూత ఎత్తి పెట్టే మోడళ్లలో చెయ్యి పట్టదు. బ్రష్షు పోతుంది గానీ అడుగు అంచు దాకా వంగదు. ఇక హంస మెడలాంటి సన్నటి ముక్కు ఉన్నవైతే ఆ మెడ లోపలే పెచ్చు పడుతుంది, దాన్ని చూడటానికి కూడా వీల్లేదు. ఆ సన్న ముక్కు కాఫీ పొడి మీద నీళ్లు ధారగా పోసుకునేవాళ్ల కోసం. మన ఫిల్టర్ కాఫీకి మామూలు ముక్కు చాలు.

రెట్రోలోనే నోరు వెడల్పుగా ఉన్నవీ ఉన్నాయి. నిలువుగా జగ్గులా ఉండి, రంగు, పిడి, అంచుల్లో మాత్రమే పాత స్టైల్ చూపించేవి. మూత బటన్ నొక్కితే వెనక్కి పూర్తిగా తెరుచుకునేది అయితే ఇంకా మంచిది. మీ మీగడ రంగు ఇందులోనూ దొరుకుతుంది.

మీరు క్యాను నీళ్లే పోస్తే ఈ బాధ చాలా తగ్గుతుందన్నది నిజమే. ఆర్వో నీళ్లలో సున్నం తక్కువ. కానీ ఇంట్లో ఒకరు క్యాను నీళ్లు పోస్తే ఇంకొకరు కుళాయి తిప్పేస్తారు. ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను: బోరు నీళ్లు మరిగించి తాగితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. మరిగించడం వల్ల క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది. కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి లీటరుకు లెక్కేస్తే ఇంకాస్త పెరుగుతుంది కూడా. కాబట్టి తాగేవాటికి కెటిల్‌లో కూడా తాగే నీళ్లే పోయండి.

ఇప్పుడు డయలు సంగతి. మీకు బాగా నచ్చింది అదేనని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది, అందుకే కాస్త నొచ్చుకుంటారేమో. ఆ డయలు చాలా మోడళ్లలో నీళ్లలో ముంచిన థర్మామీటర్ కాదు. కెటిల్ గోడకు ఆనించి పెట్టిన చిన్న బైమెటల్ చుట్ట. గోడ వేడిని చూపిస్తుంది, అదీ కొంచెం ఆలస్యంగా. నీళ్లు 80 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ముల్లు ఇంకా 65 దగ్గర ఉండొచ్చు. కొన్నింటిలో గోడకు రంధ్రం చేసి రబ్బరు వాషరుతో బిగిస్తారు. ఇవి కొంచెం నిజం చెబుతాయి గానీ, వేడికీ సున్నానికీ ఆ వాషరు గట్టిపడి నీళ్లు కారడం మొదలవుతుంది. "యాడి నుంచో కారతాంది" అని తెచ్చే రెట్రో కెటిళ్లలో నేను మొదట చూసేది ఆ డయలు వెనకే. ఇంకొన్నాళ్లకు డయలు అద్దం లోపల ఆవిరి పట్టి ముల్లు కనిపించదు. వాషరు విడిగా దొరకడం కష్టం, దొరికినా బిగించడం మెకానిక్ పనే.

అన్నట్టు, డయలు 100 చూపించలేదని ఒకాయన కెటిల్ వెనక్కి పంపేశాడు. అనంతపురం సముద్రమట్టానికి 330 మీటర్ల పైనే ఉంది. ఇక్కడ నీళ్లు 99 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కడప అంతకంటే కిందుంది కాబట్టి మీకు వందకు దగ్గరగానే మరుగుతాయి.

గ్రీన్ టీకి 80 డిగ్రీలు, ఇంకోదానికి 90 అని నిజంగా కావాలనుకునేవాళ్లకు డిజిటల్ టెంపరేచర్ సెట్టింగ్ ఉన్నవి వేరే ఉన్నాయి. కానీ వాటి కింది కనెక్టర్‌లో ఐదు కాంటాక్టులుంటాయి. మామూలు కెటిల్‌కు మూడే. మూడు కాంటాక్టుల సెట్టు మన ఊళ్లలో స్పేరు పార్టుల కొట్లో అడిగితే దొరుకుతుంది, తక్కువ ఖర్చులో పని అయిపోతుంది. ఐదుది చెడిపోతే కంపెనీ సర్వీసు సెంటర్ మీద ఆధారపడాలి. కొనేముందు కెటిల్ పైకెత్తి అడుగు చూడండి, ఆన్‌లైన్‌లో అయితే కస్టమర్లు పెట్టిన ఫొటోల్లో ఆ భాగం కనిపిస్తుందేమో వెతకండి.

ఎర్తింగ్ గురించి ఎవరూ అడగరు, నాకైతే ఇదే పెద్ద విషయం. మామూలు ప్లాస్టిక్ కోటింగు కెటిల్‌లో స్టీలు లోపల ఉంటుంది, మన చెయ్యి తగిలేది ప్లాస్టిక్‌కు. రెట్రో వాటిలో చాలావరకు బయట కూడా రంగు వేసిన రేకే. ఎలిమెంట్ ఎప్పుడైనా లీకైతే కరెంటు నేరుగా ఒంటి మీదికి వస్తుంది. ఎర్తు వైరు సరిగా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంది, మీ వైపూ ఎండాకాలం నేల ఎండి నెర్రెలిస్తుంది. ఇల్లు కట్టినప్పుడు తీసిన ఎర్తు గుంత ఎండిపోతే ఎర్తు ఉన్నా లేనట్టే. ఎండాకాలంలో ఆ గుంతలో అప్పుడప్పుడు ఒక బిందె నీళ్లు పోయిస్తుండండి. కొత్త ఇల్లు కాబట్టి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, ఉందో లేదో మీ ఎలక్ట్రీషియన్‌ను అడగండి. లేకపోతే కెటిల్ కంటే ముందు అది పెట్టించండి. కెటిల్ ముట్టుకుంటే వేళ్లు సన్నగా జిల్లుమంటే, అప్పటికప్పుడు ప్లగ్గు తీసేసి ఎర్తింగ్ చూపించుకోండి. "కాళ్లకు చెప్పులేసుకుంటే కొట్టడం లేదు" అని వాడుతూ పోయేవాళ్లను చూశాను. అది చాలా ప్రమాదం.

రేకు బాడీకి ఇంకో లక్షణం ఉంది: కాగినప్పుడు బయట కూడా చుర్రుమంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే, లేదా చేతులు వణికే పెద్దవాళ్లు వాడేదైతే, రెండు గోడలున్న మోడల్ చూడండి. లోపల స్టీలు, మధ్యలో గాలి, బయట రంగు ప్లాస్టిక్. రెట్రో రంగుల్లో ఇవీ ఉన్నాయి. చేత్తో పట్టుకున్నా కాలదు, నీళ్లు కూడా ఇంకొంచెం సేపు వేడిగా ఉంటాయి. స్టీలు మెరుపంత అందం ఉండదన్నది ఒప్పుకోవాలి.

వాట్ల దగ్గరికి వద్దాం. లీటరున్నర నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించడానికి సుమారు 440 కిలోజౌళ్ల శక్తి కావాలి. 1500 వాట్ల కెటిల్‌కు అయిదు నిమిషాలు, బయటికి పోయే వేడి కూడా కలిపితే అయిదున్నర. కరెంటు యూనిట్‌లో ఎనిమిదో వంతు దాకా ఖర్చవుతుంది. గ్యాసు మీద కాచినదానికీ దీనికీ డబ్బుల్లో పెద్ద తేడా ఉండదు కాబట్టి, ఆదా అవుతుందని ఎవరైనా చెప్పి అమ్మితే నమ్మకండి. పనికొచ్చేది వేగం, పొయ్యి ఖాళీగా ఉండటం. అయితే వోల్టేజి పడిపోతే ఈ లెక్క మారిపోతుంది. 230 ఉండాల్సింది 180కి పడితే 1500 వాట్ల కెటిల్ 920 వాట్ల దగ్గరికి వచ్చేస్తుంది, అవే నీళ్లు మరగడానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు పడుతుంది. సాయంత్రాలు మీ వీధిలో లైట్లు మసకబారుతుంటే కెటిల్ నెమ్మదించిందని కంగారు పడొద్దు, దానికేం కాలేదు. స్టెబిలైజర్ అక్కర్లేదు. ఇన్వర్టర్ లైన్ మీద మాత్రం పెట్టొద్దు.

1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. మన గోడల మీద మామూలుగా ఉండే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. ప్లగ్గు చిన్నదే ఇచ్చారు కదా అని ఫోను చార్జరు పెట్టే సాకెట్టులో రోజూ పెడితే, ఆ సాకెట్టు రంధ్రాలు కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరుగుతాయి, ప్లగ్గు పిన్నులు కాలుతుంటాయి. వంటగదిలో ఫ్రిజ్జుకో మైక్రోవేవ్‌కో వేసిన 16 ఆంపియర్ల సాకెట్టు ఒకటి కెటిల్‌కు కూడా వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. కెటిల్ వైరు చాలావాటికి ముక్కాలు మీటరే ఉంటుంది. పిల్లలు లాగి మీద పోసుకోకూడదని కావాలనే పొట్టిగా ఇస్తారు. కెటిల్ పెట్టే చోటికీ స్విచ్‌బోర్డుకూ దూరం ఎంతుందో టేపుతో కొలుచుకోండి. ఇంకోటి, పైన చెక్క కబోర్డు ఉన్న చోట దాని కిందే పెట్టొద్దు. రోజూ ఆవిరి తగిలి ప్లైవుడ్ అంచు ఉబ్బుతుంది, లామినేట్ లేచిపోతుంది. లేత పచ్చ కబోర్డుల కోసం కొన్న కెటిల్ ఆ కబోర్డులనే పాడుచేస్తే ఏం బాగుంటుంది?

కువైట్ సంగతి. మీ కడప, రాయచోటి, రాజంపేట వైపు వాళ్లు అక్కడి నుంచి తెచ్చినవి నా దాకా కూడా వస్తుంటాయి కాబట్టి చెబుతున్నాను. అక్కడ కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్‌జ్. కాబట్టి కెటిల్ ఇక్కడ పనిచేస్తుంది, ఆ భయం లేదు. ప్లగ్గు మాత్రం చదరపు పిన్నులది, లోపల 13 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. అక్కడి కెటిళ్లు తరచూ 2500 నుంచి 3000 వాట్లవి. మన చిన్న సాకెట్టుకు కన్వర్టర్ తగిలించి వాడితే ఆ కన్వర్టరే ముందు కరుగుతుంది. ఆ ప్లగ్గు కోయించి 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించాలి. గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ పసుపు చారలది ఎర్తు. ఇంత చేశాక కూడా వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు, పార్టు పోతే దొరక్కపోవచ్చు. తమ్ముడు ప్రేమగా ఇప్పటికే కొనేసి ఉంటే తెచ్చుకోండి, ప్లగ్గు మార్చి వాడండి. కొనకపోతే ఖర్జూరాలు తెమ్మనండి. అమెరికాలో ఎవరైనా ఉండి అక్కడి నుంచి తెస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు. అది 120 వోల్టులది, మన కరెంటు తగిలితే మూడున్నర రెట్లకు పైగా శక్తి లాగి మొదటిసారే కాలిపోతుంది.

స్టీలు గురించి. పెట్టె మీద 304 అని ఉంటే మంచిది. అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. చౌకవాటిలో 201 గ్రేడు వాడతారు, ఉప్పునీళ్లకు అది త్వరగా మచ్చలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని కొట్టువాళ్లే చెబుతారు. తెలియదు, 201 కూడా అయస్కాంతానికి సరిగా అంటదు. ముద్ర చూడటం, బిల్లు తీసుకోవడం తప్ప ఇంట్లో తేల్చే సులువైన దారి లేదు. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది నిజమో కాదో, ఏ వస్తువుకు ఇచ్చారో చూపిస్తుంది. అడుగున గోధుమ రంగు చుక్కలు కనిపిస్తే వెంటనే తుప్పు అనుకోకండి. బోరు నీళ్లలోని ఇనుము అలా పేరుకుంటుంది. నిమ్మచెక్కతో రుద్దితే పోతే అది మరకే. పోకపోతే, వేలికి గరుకుగా తగిలితే తుప్పు. నీళ్ల మట్టం చూపించే ప్లాస్టిక్ కిటికీ కూడా గమనించండి, స్టీలుకూ దానికీ మధ్య అతుకు దగ్గర లీకులు వస్తాయి. కిటికీ లేకుండా లోపల గీతలు మాత్రమే ఉన్నది నాకు ఇష్టం. రాగి రంగు, ఇత్తడి రంగు కెటిళ్లు కూడా అడుగుతున్నారు ఈమధ్య. అది పూతే, లోపల స్టీలే. రాగి చెంబులో నీళ్ల గుణం వస్తుందని కొనొద్దు.

రంగు. మీగడ రంగు మీద తిరగవాత జిడ్డు, పసుపు చేతి మరకలు మూడో రోజుకే కనిపిస్తాయి. మెరిసే పూత అయితే తడిగుడ్డతో పోతాయి, మ్యాట్ పూత అయితే పట్టుకుని కూర్చుంటాయి. పూత ముందుగా లేచేది ముక్కు కొన దగ్గర, అడుగు అంచు దగ్గర. కొట్టులో కొంటే ఆ రెండు చోట్లా గోటితో తడిమి చూడండి, అంచు పదునుగా తగిలితే పూత పలుచగా ఉన్నట్టు.

కొట్టులో కొనే వీలుంటే, అంటే వైవీ స్ట్రీటులోనో మీకు తెలిసినవాళ్ల దగ్గరో, నీళ్లు పోయించి ఒకసారి మరిగించి చూపించమనండి. సిగ్గుపడొద్దు. మరిగాక ఎంతసేపటికి ఆగుతుందో చూడండి. నీళ్లు మరిగినప్పుడు వచ్చే ఆవిరి ఒక సన్నటి దారిలో స్విచ్ దగ్గరి బిళ్లకు తగిలితేనే కెటిల్ ఆగుతుంది. పైకెత్తి పెట్టే వదులు మూతలున్న రెట్రో మోడళ్లలో ఆవిరి అంచుల్లోంచి పోతుంది, కెటిల్ ఆగకుండా మరుగుతూనే ఉంటుంది. గుప్పుగుప్పుమని మరగడం మొదలై అర నిమిషం దాటినా ఆగకపోతే అది వద్దు. మూత తెరిచిపెట్టి వాడితే ఏ కెటిలూ ఆగదు, అది కెటిల్ తప్పు కాదు. ఆ తర్వాత గ్లాసులోకి నెమ్మదిగా పోసి చూడండి. కొన్నింటికి ముక్కు కింద నుంచి ధార బాడీ వెంబడి కారుతుంది, రోజూ వంటగట్టు తుడుచుకోవాల్సి వస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే రేటింగు చుక్కలు చూడకండి. తక్కువ రేటింగు ఇచ్చినవాళ్ల మాటలు, అందులోనూ కొన్న చాలా నెలల తర్వాత రాసినవి చదవండి. వచ్చిన రోజే ఈ పరీక్షలన్నీ చేసేయండి, వాపసు గడువు ఊరికే అయిపోతుంది.

కొత్తదానికి మొదట్లో ప్లాస్టిక్ వాసన ఉంటుంది. రెండు మూడు సార్లు నిమ్మచెక్క వేసి మరిగించి పారబోస్తే పోతుంది. అప్పటికీ పోకపోతే వాపసు ఇచ్చేయండి.

దాంట్లో టీ కాయొద్దు, పాలు కాయొద్దు. పాలు అడుగున మాడతాయి, పొంగితే ఆవిరి దారిలోకి పోయి స్విచ్ దగ్గర ఎండిపోతాయి. అంతటితో ఆటో కట్ పనిచేయదు. వారంటీ కూడా ఇవ్వరు. నీళ్లకే వాడినా కెటిల్‌కు పని తక్కువేం ఉండదు. మా ఇంట్లో సంగటికి ఎసరు కెటిల్‌లోనే కాగుతుంది. మరిగిన నీళ్లు గిన్నెలో పోసి బియ్యం వేస్తే పొయ్యి మీద సగం సేపు మిగులుతుంది. ఉప్మాకూ అంతే. ఇలా వాడేటట్టయితే 1.7 లీటర్లది సరైన సైజే. కేవలం కాఫీకి, మందులకు అయితే లీటరుది చాలు, నోరు వెడల్పుగా ఉన్నవి ఆ సైజులో తక్కువ గానీ వెతికితే దొరుకుతాయి. లోపలి పై గీత దాటి పోయొద్దు, మరిగినప్పుడు ముక్కులోంచి ఎగజిమ్ముతుంది. కింది గీత కంటే తక్కువ కూడా వద్దు. రాత్రి నీళ్లు అందులోనే వదిలేయకుండా వంచేసి మూత తెరిచి ఉంచితే పెచ్చు నిదానంగా పడుతుంది.

ఇక మీ మామగారి రాత్రి వేడినీళ్లు. దీనికి కెటిల్ మీద ఆధారపడొద్దు. నిండుగా పోసిన 1.7 లీటర్ల రేకు కెటిల్ మూడు కిలోలకు దగ్గరగా తూగుతుంది. పెద్దాయన నిద్రమబ్బులో చీకట్లో దాన్ని ఎత్తడం మంచిది కాదు. వేడి నిలిపి ఉంచే సెట్టింగ్ ఉన్నవాటిలో ఎలిమెంట్ రాత్రంతా ఆగి ఆగి వెలుగుతూ ఉంటుంది, అదీ నాకు నచ్చదు. పడుకునే ముందు కెటిల్‌లో కాచి ముప్పావు లీటరు స్టీలు ఫ్లాస్కులో పోసి మంచం పక్కన పెట్టండి, తెల్లవారుజాముకు కూడా తాగేంత వేడిగా ఉంటాయి. మూత మొత్తం తిప్పి తీసేది కాకుండా పైన నొక్కితే పోసేది తీసుకోండి, వేళ్లలో పట్టు తగ్గినవాళ్లకు అది సులువు.